పేజీ తిప్పితే ప్రకటన

తన కథ అచ్చయిన పుస్తకం చేతికి వచ్చినప్పుడు మడతలక్క ముందుగా చేసిన పని చేతులు తుడుచుకోవడం. బ్లీచింగు వాసన అట్టకు అంటుకుంటుందేమోనని భయం. ఆస్పత్రి లాండ్రీ గదిలో, ఉతికి ఆరిన దుప్పట్ల గుట్ట మీద ఆ పుస్తకాన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టి, విషయసూచిక మీద వేలు కిందికి జరుపుతూ పోయింది. అట్టడుగున, చివరి కథ దగ్గర, తన పేరు కనిపించింది. చివరైతేనేం, ఉంది కదా అనుకుంది.

నిలబడే చదివింది. తను రాసిందే అయినా అచ్చులో చూస్తే ఎవరో పెద్దవాళ్లు రాసినట్టుంది. "ఆమె దుప్పటి వైపు చూసింది. యంత్రం నోరు తెరుచుకునే ఉంది" అన్న వాక్యం దాకా వచ్చి, పేజీ తిప్పింది. ఆవిడ ఆ కథ రాసిందే ఆ తర్వాతి పేజీ కోసం.

పేజీ తిప్పితే ప్రకటన. మా ఇతర ప్రచురణలు, మీ ఇంటి గ్రంథాలయానికి అలంకారం, అన్ని దుకాణాల్లోనూ దొరుకును.

రెండు పేజీలు అతుక్కుపోయాయేమోనని వేలు తడి చేసుకుని కాగితాన్ని నలిపి చూసింది. ట్యూబులైటు వెలుగుకు ఎత్తి పట్టి చూసింది. కాగితం ఒక్కటే. మరో పుస్తకంలో సరిగ్గా ఉంటుందేమోనని, పంపిన రెండో ప్రతి కూడా తెరిచింది. అందులోనూ అలంకారమే.

ఆవిడ ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎవరినీ అడగలేదు. రెండు ప్రతులనూ సంచిలో పెట్టుకుని, మిగిలిన దుప్పట్లు మడతపెట్టి ఇంటికి పోయింది. కొత్తగా రాసేవాళ్లు అచ్చులో పేరు చూసుకోగానే మిగతావన్నీ దిగమింగుతారని పుస్తకాలు వేసేవాళ్లకు బాగా తెలుసు. ఆవిడా అలాగే దిగమింగింది.

మడతలక్క అన్నది లాండ్రీలో పెట్టిన పేరు. అక్కడ ఎవరి పని వాళ్ల పేరు. సబ్బుపాళ్లు కలిపే పెద్దాయన సబ్బు బాబాయ్. ఈవిడ దుప్పట్లు మడతపెడుతుంది కాబట్టి మడతలక్క. వార్డుల నుంచి మూటలు కిందికి వస్తాయి. విప్పి, వేరుచేసి, నానబెట్టి, యంత్రంలో వేసి, ఆరబెట్టి, ఇస్త్రీ రోలరు కింద నుంచి లాగి, మడిచి పైకి పంపాలి. చేతి తొడుగులు ఇస్తారు కానీ చిరిగాక కొత్తవి రావడానికి చాలాకాలం పడుతుంది. ఆలోగా వేళ్లు పగులుతాయి. పగిలిన వేలికి బ్లీచింగు తగిలితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ వేళ్లతోనే ఆవిడ కథలు రాస్తుంది. చిన్నప్పటి నుంచీ గాలిలో ఎగిరేవీ నీళ్లలో మాట్లాడేవీ కావాలి ఆవిడకు. సైన్స్ ఫిక్షన్ అనీ ఫాంటసీ అనీ పేర్లున్నాయని చాలా ఆలస్యంగా తెలిసింది. ఏటేటా అలాంటి కథలు ఏరి వేసే ఒక సంకలనం ఉందని, దాని అట్ట మీద బంగారు రంగు గుండ్రటి ముద్ర ఉంటుందని, ఆ ముద్ర ఉంటే లోపల సరుకు మంచిదని అందరూ అనుకుంటారని కూడా అప్పుడే తెలిసింది. పాత పుస్తకాల బండి దగ్గర దొరికిన సంకలనాలన్నీ కొనుక్కుని, ఇంట్లో ఉండే ఆడపడుచుకు చదివి వినిపించేది. ఆడపడుచు కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. మిషను చప్పుడు ఆగిందంటే కథ బాగున్నట్టు. ఆగకపోతే రచయిత ఎంతటివాడైనా సరే తేలిపోయినట్టే. ఆ ఇంట్లో ఇంకే బహుమతి కమిటీ లేదు.

ఆ సంకలనానికి మడతలక్క రాసి పంపిన కథ కొత్తగా కట్టిన ఒక ఆస్పత్రి గురించి. అక్కడ వైద్యం చేస్తే రోగికి నొప్పి ఉండదు. ఊరంతా బోర్డులు పెడతారు. ఆ నొప్పి ఎటు పోతుందో ఎవరూ అడగరు. అది దుప్పట్లలోకి ఇంకుతుంది. దుప్పట్లు ఉతికే ఆడవాళ్ల చేతుల్లోకి దిగుతుంది. ఒకనాడు వాళ్లలో ఒకామె దుప్పటి పట్టుకుని యంత్రం ముందు ఆగిపోతుంది. పుస్తకంలో కథ అక్కడితో సరి.

ఆవిడ రాసిన చివరి పేజీలో ఆ ఆడమనిషి దుప్పటిని యంత్రంలో వేయదు. మెట్లెక్కి పైకి తీసుకుపోతుంది. వెనకాలే మిగతావాళ్లూ తలా ఒక దుప్పటీ మోసుకుంటూ వస్తారు. కింద యంత్రాలు ఆగిపోతాయి. పైన లెక్కలు మాట్లాడుకుంటున్న పెద్దమనుషుల మెత్తటి కుర్చీల మీద ఆ దుప్పట్లు పరుస్తారు. "కూర్చున్నవాళ్లు మొదటిసారి అబ్బా అన్నారు" అన్నది ఆఖరి వాక్యం. అది విన్నరోజు ఆడపడుచు మిషను ఆపడమే కాదు, సూదిలోంచి దారం కూడా లాగేసింది.

తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. ఆ సంకలనానికి ఆ ఏడాది ఉత్తమ సంకలనం బహుమతి వచ్చింది. అందులో ఉత్తమ కథ మడతలక్కది అన్నారు.

వేదిక మీద ఆవిడ చేతిలో గాజు జ్ఞాపిక పెట్టి ప్రశంస చదివారు. "ముగించకుండా ముగించిన నేర్పు అపూర్వం. ఆ యంత్రం తలుపును తెరిచే ఉంచి, నిర్ణయాన్ని రచయిత్రి మన చేతుల్లో పెట్టింది." చప్పట్లు మోగాయి. ఆవిడ మైకు దగ్గర నోరు తెరిచింది. ఒక పేజీ పోయిందండీ అందామనుకుంది. ముందు వరుసలో కొత్త చీర కట్టుకుని కూర్చున్న ఆడపడుచు కళ్లు తుడుచుకోవడం చూసి, నమస్కారం పెట్టి దిగిపోయింది.

ఆస్పత్రి క్యాంటీను గోడకు అభినందనల బ్యానరు కట్టారు. లాండ్రీ సూపరింటెండెంటు స్వయంగా కిందికి వచ్చాడు.

"చదివానమ్మా. చాలా బాగా రాశావు. నాకు నచ్చిందేమిటంటే, ఎవర్నీ నొప్పించకుండా ముగించావు."

"అవునండి," అంది మడతలక్క.

ఆయన వెళ్లాక సబ్బు బాబాయ్ అన్నాడు: "మన సార్ పుస్తకం చదవడం కూడా ఫాంటసీయేనే అమ్మాయ్."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది, కానీ నవ్వు కింద ఏదో కదులుతూనే ఉంది. ఆనాటి నుంచి ఆవిడకు మనసు మనసులో లేదు. ఎవరైనా కథ బాగుందంటే ఉలిక్కిపడేది. మెచ్చుకున్న ప్రతివాళ్లూ ముగింపునే మెచ్చుకుంటున్నారు. తను రాయని ముగింపును. ఎక్కడో ఒక దొంగసొత్తు తన పేరు మీద చెలామణీ అవుతున్నట్టు, ఏదో ఒకనాడు ఎవరో వచ్చి భుజం మీద చెయ్యేస్తారేమో అన్నట్టు ఉండేది. అంతకంటే పెద్ద భయం మరొకటి ఉంది. దాన్ని ఆడపడుచు ఒకరోజు కూరగాయలు తరుగుతూ బయటపెట్టేసింది.

"వదినా, ఒకటడుగుతా, కోపం తెచ్చుకోకు."

"అడుగు."

"ఆ చివరి పేజీ ఉండి ఉంటే బహుమతి వచ్చేదంటావా?"

మడతలక్క తరిగిన ముక్కలను గిన్నెలోకి ఎత్తింది. "అదే నాకూ తెలియడం లేదే," అంది. "వాళ్లంతా చదువుకున్నవాళ్లు. లేకపోతేనే బాగుందేమో. నేను చెప్పాల్సిన దానికంటే ఎక్కువ చెప్పేశానేమో."

"ఎక్కువో తక్కువో, చెప్పింది నువ్వు కదా. కత్తిరించాల్సిందీ నువ్వే. నేను జాకెట్టు కుట్టి ఇచ్చాక ఎవరో వచ్చి చేతులు కోసేసి, ఇలాగే బాగుందంటే ఊరుకుంటానా?"

"నువ్వు ఊరుకోవు. వాళ్ల చేతులే కోసొస్తావు."

"అదీ."

అయినా మడతలక్క ఊరుకునేదే. కాని ప్రచురణ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. గత పదేళ్ల సంకలనాల నుంచి మేలైన కథలు ఏరి ఒక పెద్ద పుస్తకం వేస్తున్నారట. ఏ ఏడాదికా ఏడాది వరసలో పెడుతున్నారట. కాలేజీ లైబ్రరీలన్నీ కొంటాయట. "మీ కథ మళ్లీ చివరన వస్తుంది మేడమ్, గౌరవస్థానం," అంది ఫోన్‌లో అమ్మాయి.

ఏడాది సంకలనం ఏడాదికి పాతబడుతుంది. ఈ పెద్ద పుస్తకం అలా కాదు. రేపు ఏ పిల్ల ఏ లైబ్రరీలో ఆ కథ తీసినా యంత్రం ముందు ఆడమనిషి అలా నిలబడే ఉంటుంది, ఎప్పటికీ. ఆమె మెట్లెక్కిందని ఎవరికీ తెలియదు.

మర్నాడు భోజనాల వేళ, బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు ఆ పోయిన పేజీ చదివి వినిపించింది. నిజానికి ధైర్యం కోసం చదివింది. చదువుతుంటే ఎవరూ ముద్ద ఎత్తలేదు. చివరి వాక్యం అయ్యాక సబ్బు బాబాయ్ తన వేళ్ల వైపు చూసుకుంటూ, "ఇది లేకుండానా అచ్చేశారు?" అన్నాడు.

"యంత్రాలు ఆపేస్తారా?" అని గుమ్మం దగ్గర నుంచి ఇంకో గొంతు. సూపరింటెండెంటు ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"కథలోనండి," అంది మడతలక్క.

"కథలోనేగా?"

"కథలోనేనండి."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. తల ఊపి వెళ్లిపోయాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ తల ఊపడానికి అర్థమేమిటో అని ఆవిడకు కొన్నాళ్లపాటు అన్నం సయించలేదు. బ్యానరు మాత్రం ఆ వారంలోనే క్యాంటీను గోడ మీద నుంచి దిగింది. గోడకు సున్నం వేయాలన్నారు. సున్నం వేయలేదు.

సెలవు రోజున ఆడపడుచును వెంటబెట్టుకుని ప్రచురణ సంస్థ ఆఫీసుకు వెళ్లింది. ఇరుకు గది. గోడల నిండా పుస్తకాలు, ఒక మూల కంప్యూటరు ముందు పుస్తకానికి పేజీలు పెట్టే అమ్మాయి, మధ్యలో సంపాదకుడి బల్ల. సంపాదకుడు మంచివాడే. లేచి నిలబడి కుర్చీలు చూపించాడు. సంగతి వినగానే ఆయన ముఖం నిజంగానే పాలిపోయింది.

"ఒక పేజీ పోయిందా? నాకు తెలియదమ్మా. అమ్మాయ్, ఏమైంది?"

పేజీలు పెట్టే అమ్మాయి కుర్చీ ఇటు తిప్పింది. దాపరికం లేకుండా చెప్పింది. "ఫారం దాటిపోయింది సార్. ఎప్పటిలాగే సర్దాను."

ఫారం అంటే ఏమిటో ఆ అమ్మాయే కాగితం తీసి చూపించింది. పుస్తకం పెద్ద కాగితాల మీద అచ్చవుతుంది. ఒక్కో కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలు. ఆ మడతను ఫారం అంటారు. ఒక్క పేజీ మిగిలిపోయినా దానికోసం ఇంకో కాగితం ఎక్కించాలి. అందుకని చివర్లో ఎంత మిగిలితే అంత కోసి, లోపలికి సర్దుతారు.

"రచయితను అడగరా?" అంది ఆడపడుచు.

"అడుగుదామనే అనుకుంటాం అండి. ఈలోగా ప్రెస్సువాళ్లు ఫోన్ మీద ఫోన్."

మడతలక్క ఆ కాగితం మడతను వేళ్లతో సరిచేస్తూ నెమ్మదిగా అడిగింది. "ఎప్పటిలాగే అన్నావు కదమ్మా. ఎప్పుడూ చివరి కథనే కోస్తారా?"

"చివరన ఉండేది అదే కదండి."

"చివరన ఎవరి కథ పెడతారు?"

ఆ అమ్మాయి సంపాదకుడి వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పేరున్నవాళ్లు ముందు ఉంటేనే పుస్తకం అమ్ముడుపోతుందమ్మా. కొత్తవాళ్లు సహజంగా..." వాక్యాన్ని అక్కడే వదిలేశాడు. ఆ గదిలో ముగింపులు వదిలేయడం అలవాటు కాబోలు.

"ఆ ప్రకటన పేజీ తీసేస్తే నా పేజీ పడుతుంది కదండీ?"

"అది మా యజమాని పేజీ. కథలైనా వదులుకుంటారు కానీ దాన్ని వదలరు." బతిమాలుతున్నట్టు అన్నాడు. "చూడండమ్మా, బహుమతి వచ్చిన కథ ఇది. కమిటీ మెచ్చుకున్న వాక్యాన్ని వెనక అట్ట మీద వేస్తున్నాం. మీరు ఇప్పుడు తెచ్చింది ఇంకో కథ."

"లేదండీ. ఇదే కథ. మీరు వేసింది ఇంకోటి."

మాట బయటికి వచ్చేసింది. ఆడపడుచు వదిన వైపు ఆశ్చర్యంగా చూసింది. సంపాదకుడు ఒక దారి చూపించాడు. ఏళ్ల వరస వదిలేసి, మడతలక్క కథను మధ్యలోకి జరుపుతాడు. మధ్యలో ఉన్న కథలను ఎవరూ ముట్టుకోరు. ప్రతి అక్షరం అచ్చవుతుంది. చివరన ఇంకెవరిదో పెడతాడు.

బస్సులో తిరిగి వస్తుంటే ఆడపడుచు సంబరానికి అంతు లేదు. "గెలిచావు వదినా. ఈ పూట వంట నాది."

"అంత శిక్ష ఎందుకే," అంది మడతలక్క. అలా అందే కానీ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఇంటికి చేరకముందే అడిగింది: "చివరన ఎవరిది పెడతారంటావు?"

"ఎవరిదో ఒకరిది. మనకెందుకు?"

మనకెందుకు అన్న మాట ఆవిడను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. పేజీలు పెట్టే అమ్మాయికి ఫోన్ చేసి కనుక్కుంది. చివరికి జరిగేది ఒక లిఫ్టు నడిపే ఆయన రాసిన కథ. ఆవిడకు బాగా తెలిసిన కథ. ఆడపడుచు మిషను ఆపించిన కథల్లో అదొకటి. ఆ భవనంలో లేని అంతస్తులో లిఫ్టు ఆగుతుంది. నడిపే మనిషి ఏళ్ల తరబడి ఆ తలుపు తీయడానికి భయపడతాడు. చివరి పేజీలో తీస్తాడు. బయట అతను ఇన్నాళ్లూ పైకి చేర్చినవాళ్లంతా నిలబడి, ఈసారి నువ్వు రా అంటారు. ఆ పేజీ కోసేస్తే తలుపు తెరుచుకోదు. అతను లిఫ్టులోనే ఉండిపోతాడు. దానికీ ఎవరో ఒకరు "అపూర్వం" అంటారు.

ఆవిడ తన దగ్గరున్న పాత సంకలనాలన్నీ మంచం మీద పరిచింది. ఒక్కోదానిలో చివరి కథ తీసి, ఆఖరి పేజీ చదివి, తిప్పి చూసింది. ఒకదానిలో పడవ ఒడ్డుకు చేరదు. ఒకదానిలో ఆకాశం నుంచి వచ్చిన పిల్లకు ఎవరూ జవాబివ్వరు. మరోదానిలో మనిషి తలుపు తట్టి అలా నిలబడే ఉంటాడు. అన్నిటి వెనకా అదే అలంకారం. ముందుమాటలో ఒక పెద్దాయన రాసింది ఆవిడ ఇంతకుముందు మురిసిపోతూ చదివింది: చివరి కథను తెరిచి ఉంచడం ఈ సంకలనాల విశిష్టత. ఇప్పుడు అదే మాట మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. వీటిలో ఎన్ని తెరిచి ఉంచినవో, ఎన్ని కోసేసినవో ఆవిడకు తెలియదు. అడిగితే తప్ప తెలిసే వీలూ లేదు. ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం సంపాదకుడికి ఫోన్ చేసింది. ఆడపడుచు మిషను ఆపి వింటోంది.

"నా కథ చివరే ఉంచండి. ఆయన కథను జరపకండి."

"సంతోషమమ్మా," అన్నాడాయన, ఊపిరి పీల్చుకుని.

"కానీ నా పేజీ కోయకండి. కోసేటట్టయితే కథ తీసేయండి."

"తీసేయడమంటే... బహుమతి కథ లేకుండా ఆ పుస్తకం ఎలా వస్తుందమ్మా? యజమాని ఒప్పుకోరు. ఇంకెప్పుడూ మీ కథలు..."

మళ్లీ సగంలో ఆపాడు. ఈసారి మడతలక్క ఊరుకోలేదు. "పూర్తిగా చెప్పండి," అంది.

ఆయన ఆ వాక్యాన్ని పక్కనపెట్టి, కాస్త గొంతు తగ్గించి, ఒక నిజం చెప్పాడు. "నా మాట ఆయన వినరమ్మా. పాఠకులు అడిగితే వింటారు. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఇదేంటి, కథ మధ్యలో ఆగిందని అడగలేదు. అడిగి ఉంటే నేనూ నిలబడేవాణ్ణి. నెలాఖరు దాకా ప్రెస్సుకు పంపకుండా ఆపగలను. అంతే నా చేతనైంది."

ఫోన్ పెట్టేశాక ఆడపడుచు అడిగింది. "కథ తీసేస్తే?"

"తీసేస్తారు."

"నీకు భయం లేదా?"

"చచ్చేంత ఉంది," అంది మడతలక్క. పగిలిన వేళ్లకు వాజలీన్ రాసుకుంటూ కూర్చుంది. కాసేపటికి కుట్టుమిషను చప్పుడు మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది.

ఇది రాసేనాటికి ఆ పుస్తకం ఇంకా ప్రెస్సుకు వెళ్లలేదు. ఆవిడ రోజూ లాండ్రీకి వెళుతోంది. ఫోన్ మోగితే తడి చేతులతోనే తీస్తోంది. సూపరింటెండెంటు కనిపిస్తే తల ఊపుతున్నాడు.

ఆ ప్రచురణకర్త పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఒక్కడే అయితే చెప్పి ఉండేవాళ్లం. మీ బీరువాలోనూ బంగారు ముద్ర ఉన్న సంకలనం ఒకటి ఉంటుంది. ఇప్పుడే లేచి తీయండి. ఈసారి చివరి కథ నుంచి మొదలుపెట్టండి. అది ముగిసిందా, ఆగిందా అన్నది మీరే చూడండి. అనుమానం వస్తే ఆ రచయిత ఎవరో కనుక్కుని, మీరు రాసిన ముగింపు ఇదేనా అని అడగండి. చాలామంది ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నారు. తర్వాత ఆ పుస్తకం వేసినవాళ్లకు ఒక్క వాక్యం రాయండి, కార్డు మీదైనా, ఫోన్‌లోనైనా: మాకు ప్రకటన పేజీ వద్దు, కథ చివరి పేజీ కావాలి. మీరు ఏదైనా బహుమతి కమిటీలో ఉన్నవారైతే, ముగింపును మెచ్చుకునే ముందు రచయిత చేతిరాత ప్రతి తెప్పించుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఈ పని రేపు చేద్దాంలే అనుకోకండి. నెలాఖరు దగ్గర పడుతోంది. యంత్రం ముందు ఒక ఆడమనిషి దుప్పటి పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను మెట్లెక్కనివ్వండి.